ఒండ్రో పెట్టిన నీలి దీపం

శుక్రవారం వచ్చిందంటే మా చర్చి కింది గదిలో ఆడవాళ్ళు పిరోహీలు చేసి అమ్ముతారు. పిండిలో బంగాళాదుంప ముద్ద కూరి, అంచులు నొక్కి, ఉడికించి, పైన వెన్నలో వేయించిన ఉల్లిపాయలు చల్లి ఇస్తారు. నా భార్య బతికున్న రోజుల్లో కూడా నేను శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో తిన్న పాపాన పోలేదు. పెన్సిల్వేనియా కొండల్లో మా రైలు ఊరికి వచ్చి ఎవరినైనా అడగండి, లూడ్విక్ పాల్కో ఎక్కడుంటాడూ అని. అక్కడే ఉంటాడు, ప్లేటు ముందు, అంటారు.

ఆ శుక్రవారం నాకు వడ్డించింది వెరోనా. మా ఒండ్రో కుచార్ భార్య. ఒండ్రో పోయి అప్పటికి ఏడాది దాటింది. నేనూ వాడూ బావా అంటే బావా అనుకునేవాళ్ళం. వాడు లోకో షెడ్డులో బాయిలర్ ఫిట్టరు, నేను షంటింగ్ ఇంజను డ్రైవర్ని.

వెరోనా పక్కకి తిరిగి, మోచేతిలో ముఖం పెట్టుకుని దగ్గింది. “పిండి గొంతులోకి పోయింది అన్నయ్యా,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “సోమవారం మా కేసులో జడ్జి సంతకం పెడతాడట. ఆ పూటే మా లాయరమ్మ వచ్చి పాత ఇంజను మీద రేకు కోయించి, లోపలున్నది తీయిస్తుందట,” అంది.

“తీయనీ చెల్లెమ్మా. కంపెనీ నోట్లో మట్టి పడుతుంది.”

“అప్పటిదాకా అది కదలకుండా ఉంటే చాలు.”

“ఎక్కడికి పోతుంది? దానికి చక్రాలున్నాయి గానీ కాళ్ళు లేవుగా!” అన్నాను. ఎవరూ నవ్వకపోతే నేనే నవ్వాను.

మా రైలువాళ్ళకి వేరే చట్టం. పని వల్ల జబ్బు చేస్తే పరిహారం ఊరికే రాదు. కంపెనీ నిర్లక్ష్యం వల్లే జబ్బొచ్చిందని మనమే కోర్టులో రుజువు చేసుకోవాలి. ఒండ్రో ఊపిరితిత్తులు రాయి కట్టుకుపోయి చచ్చాడు. కంపెనీ వకీలేమో, మీ ఆయన సిగరెట్లు తాగి పోయాడు, మా షెడ్డులో ఆస్బెస్టాస్ అన్నదే లేదు, బాయిలర్ చుట్టూ మెత్తింది ఉత్త మట్టి అన్నాడు. ఒండ్రో జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఆ ఆస్బెస్టాస్ తెల్లముద్దని బకెట్లో చేత్తో కలిపి, బొంతలాగా బాయిలర్‌కి చుట్టేవాడు. కుర్రతనంలో మేం దాన్ని ఉండలు చేసి మంచుబంతుల్లా ఒకడి మీద ఒకడు విసురుకునేవాళ్ళం. పండగ చేసుకున్నాం.

అలాంటి ఇంజన్లన్నీ ఎప్పుడో తుక్కయిపోయాయి. ఒక్కటి మిగిలింది. ఒకప్పుడు చలికాలం షెడ్డుకి వేడి పట్టడానికని చివరి గదిలో ఉంచేశారు. వెరోనా కేసంతా దాని పొట్టలో, రేకు కింది తెల్లముద్దలో ఉంది.

నేను డ్యూటీకి వెళ్ళేసరికి ఫోర్‌మన్ ప్రాసర్ గుమ్మంలోనే ఉన్నాడు.

“లూడ్, చివరి గదిలో ముసలిదాన్ని బయటికి లాగు. తుక్కు రైలు సాయంత్రమే పోతుంది.”

“సోమవారం కోర్టువాళ్ళు వస్తున్నారటగా?”

“సంతకం పడేదాకా అది మా ఇనుము, మా ఇష్టం. పైనుంచి ఆర్డరు. లాగనంటావా, చెప్పు. వేరేవాడు లాగుతాడు. నువ్వు ఇంటికెళ్ళి చేపలు పట్టుకో.”

ఏం చేస్తాను? ఇంజనెక్కాను. జనవరి. అప్పటికే చీకటి పడుతోంది. మంచు మెత్తగా, చప్పుడు లేకుండా పడుతోంది. కింద నా జతగాడు కార్మైన్ లాంతరు ఊపుతూ దారి చూపిస్తున్నాడు. కార్మైన్ మనిషి మంచివాడే, నోరే చెడ్డది. ఆ వేళ తిట్లన్నీ కంపెనీకే. మా ఇద్దరికీ ఒకటే బాధ.

చివరి గదిలో దీపాలు ఎప్పుడో పోయాయి. తడి ఇనుము వాసన, పాత మసి వాసన. మెల్లగా వెనక్కి పోనిస్తున్నాను. ఉన్నట్టుండి కార్మైన్ లాంతరు అడ్డంగా ఊపాడు. ఆగమని.

ఆగి, దిగాను.

పాత ఇంజను ముందు కొక్కేనికి నీలి దీపం వేలాడుతోంది. వెలుగుతోంది.

మా పనిలో ఒక నియమం ఉంది. ఇంజను కిందికో లోపలికో మనిషి దిగితే, దానికి నీలి దీపం తగిలించి దిగుతాడు. లోపల మనిషి ఉన్నాడు, కదపొద్దు అని అర్థం. తగిలించినవాడే వచ్చి తీయాలి. ఇంకొకడు ముట్టుకోకూడదు. కంపెనీ యజమాని వచ్చినా సరే, వాడూ నిలబడాల్సిందే.

“లోపల ఎవరున్నార్రా?” అన్నాను.

“ఎవరూ లేరు. పొద్దుట్నుంచీ ఈ గదికి తాళమే,” అన్నాడు కార్మైన్. లాంతరు పైకెత్తాడు. “లూడ్... ఆ బిళ్ళ చూడు.”

దీపం కింద ఇత్తడి బిళ్ళ మీద పేరు కొట్టి ఉంది. కుచార్.

ఆ దీపం నాకు తెలుసు. గాజుకి ఒక పక్క చిన్న బీట. వెరోనా దాన్ని తన చేత్తో ఒండ్రో పక్కన, శవపేటికలో పెట్టింది. ఆ పేటిక మోసినవాళ్ళలో నేనొకణ్ణి.

ప్రాసర్ వచ్చాడు. చూశాడు. నా వైపు తిరిగాడు.

“బాగుంది లూడ్. నాటకాలు బాగా నేర్చావు.”

“నేను పెట్టలేదు.”

“అయితే నేను తీస్తాను.”

“ప్రాసర్! వద్దు,” అన్నాడు కార్మైన్. “ఎవడో పెట్టిన దీపం... తీయకూడదు.”

ప్రాసర్ తీశాడు. తీసి, గుమ్మం బయట మంచులోకి విసిరికొట్టాడు. నా ఉద్యోగ జీవితంలో ఒకడి దీపాన్ని ఇంకొకడు తీయడం చూసింది అదొక్కసారే.

“ఇప్పుడు లాగు,” అన్నాడు.

అంతవరకూ నాకు భయమే. ఆ మాట వినగానే ఎక్కడిదో మొండితనం వచ్చింది. “లాగను. తీసింది పెట్టినవాడు కాదు. చేపలే పట్టుకుంటాను పో.”

“లోపల ఎవడున్నాడో నేనే చూపిస్తాను, పిరికి పందల్లారా!” అని ప్రాసర్ పాత ఇంజనెక్కి, పొయ్యి తలుపు లాగి, చేతిదీపంతో తల లోపలికి పెట్టాడు.

టక్.

చిన్న చప్పుడు. ఇనుము మీద సుత్తి.

టక్... టక్...

బాయిలర్ లోపలినుంచి. తొందర లేని దెబ్బ. ఒండ్రో కొట్టే దెబ్బ...

తర్వాత దగ్గు. పొడి దగ్గు. ఆ దగ్గు ఆసుపత్రిలో వాడి మంచం పక్కన కూర్చుని చాలా విన్నాను. చివర్లో గాలి అందక, ఈలలాగా...

ప్రాసర్ తల బయటికి తీయలేదు. తీయలేకపోయాడో, ఏమో.

“ఒండ్రో?” అన్నాడు. చిన్నపిల్లాడి గొంతు.

సుత్తి ఆగింది. రేకు వెనకనుంచి, ఊపిరి వెతుక్కుంటూ, గుసగుసగా...

“ఇంకా... అవలేదు...”

అప్పుడు పైనుంచి తెల్లగా రాలడం మొదలైంది. ప్రాసర్ వీపు మీద, భుజాల మీద... మంచేమో అనుకున్నాను. గది పైకప్పుకి చిల్లు లేదు.

ప్రాసర్ దిగిన తీరుని దిగడం అనకూడదు. పడ్డాడు. లేచాడు. పరిగెత్తాడు. మేం ముందే పరిగెత్తుతున్నాం. గుమ్మం దాటాక ఒక్కసారి వెనక్కి చూశాను. చూడకుండా ఉండాల్సింది. చీకట్లో, కొక్కేనికి, నీలి వెలుగు... మళ్ళీ.

ఆ ఇంజనుని ఆ రోజు ఎవరూ కదపలేదు. శని, ఆదివారాల్లో వేరే డ్రైవర్లని పిలిచారు. వాళ్ళూ నీలి దీపం చూసి వెనక్కి పోయారు. సోమవారం లాయరమ్మ వచ్చి రేకు కోయించింది. తెల్లటి నార కట్టలు కట్టలుగా బయటికొచ్చింది. అప్పటికి కొక్కేనికి దీపం లేదు. షెడ్డంతా వెతికాను, బయట మంచులోనూ వెతికాను. ఎక్కడా దొరకలేదు.

కంపెనీ జ్యూరీ దాకా పోకుండానే దిగొచ్చి పరిహారం ఇచ్చింది. కార్మైన్ ఊరందరికీ తాగించాడు. నా ఉద్యోగం కూడా పోలేదు. ప్రాసర్ మాత్రం మళ్ళీ ఆ గదివైపు రాలేదు. భుజాలు మాటిమాటికీ దులుపుకునే అలవాటొకటి పట్టుకుంది వాడికి, ఎండాకాలంలో కూడా.

ఇక్కడితో ఆపేస్తే ఎంత బాగుండును.

జూన్‌లో వెరోనా కబురు పెట్టింది. వెళ్ళాను. ముఖం సగమైపోయింది. డాక్టరు ఎక్స్‌రే తీసి, ఒండ్రో జబ్బే అన్నాడట. పని నుంచి వచ్చిన ఒండ్రో బట్టలు రోజూ ఆమే కదా నేలమాళిగలో దులిపి ఉతికింది, పెళ్ళయిన నాటినుంచీ.

“తెల్లగా లేచేది అన్నయ్యా. పిండిలాగా,” అంది. “దులుపుతూ పాటలు పాడుకునేదాన్ని.”

ఆమె దగ్గింది. దగ్గు ఆగాక కూడా ఆ గదిలో ఏదో ఆగలేదు. చెవి పెట్టి విన్నాను. టక్... టక్... గోడలోంచి కాదు, నేలమాళిగలోంచీ కాదు. ఆమె కూర్చున్నవైపు నుంచి.

“నీక్కూడా వినబడుతోందా?” అంది మెల్లగా. “అయితే నాకు పిచ్చి కాదన్నమాట. రా, ఇంకోటి చూపిస్తాను.”

పడకగది తలుపు తీసింది. ఆమె మంచం తలాపు కమ్మీకి నీలి దీపం వేలాడుతోంది. గాజుకి ఒక పక్క బీట.

“నిన్న లేచేసరికి ఉంది. తీసేయనా అన్నయ్యా?”

“వద్దు చెల్లెమ్మా,” అన్నాను. “అది ఉన్నంతసేపు నిన్నెవరూ కదపలేరు. పెట్టినవాడే వచ్చి తీయాలి.”

ఆమె తల ఊపింది. చిన్నగా నవ్వింది కూడా. “వస్తాడులే,” అంది.

దీపం పిడి మీద తెల్లగా ఏదో పేరుకుని ఉంది. జూన్‌లో మంచేమిటని వేలితో తీశాను. చల్లగా లేదు. వేలి మీద చాలాసేపు ఉంచుకున్నాను.

కరగలేదు.