మూడు సెకన్ల జనం

బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకి మినోవా బల్ల మీద ఇంకా అరవై ఒక్క కవర్లున్నాయి. ఒక్కో కవరులో ఒక్కో షాటు బొమ్మలు. సాయంత్రం ఆరింటికల్లా అవన్నీ రంగులు వేసేవాళ్ళకి వెళ్ళిపోవాలి. ఎనిమిదో ఎపిసోడ్ మర్నాడు రాత్రికే ప్రసారం.

టీవీకి బొమ్మల సినిమాలు తీసే ఆ స్టూడియో ఓగికుబో స్టేషన్ వెనక, పళ్ళ డాక్టరు క్లినిక్ పైన మూడో అంతస్తులో ఉంది. బొమ్మలు గీసే లైటు బల్లల మీద బయటి వెలుగు పడకూడదని కిటికీ తెరలు ఎప్పుడూ దించే ఉంచుతారు. లోపల పగలూ రాత్రీ ఒకటే. పెన్సిల్ పొట్టు వాసన, చల్లారిపోయిన కప్పు నూడుల్స్ వాసన, హీటరు మీద ఆరేసిన మేజోళ్ళ వాసన. బల్లల కింద ఇద్దరు మనుషులు కోట్లు కప్పుకుని పడి నిద్రపోతున్నారు. కింద క్లినిక్‌లో పళ్ళు తొలిచే మర తిరుగుతున్న సన్నటి చప్పుడు నేలలోంచి పైకొస్తోంది.

మినోవా పని ఇతరులు గీసిన బొమ్మల్ని దిద్దడం. కథానాయిక ముఖం ఒక షాటులో ఒకలా, ఇంకో షాటులో ఇంకోలా ఉండకుండా పసుపు కాగితం మీద సరైన ముఖం గీసి పైన పెడుతుంది. పన్నెండేళ్ళుగా అదే పని. ఈసారి మాత్రం ఏ షాటు ఎలా ఉండాలో చెప్పే కథ బొమ్మలే ఏడు వారాలు ఆలస్యంగా వచ్చాయి. ఈలోగా చెయ్యి తిరిగినవాళ్ళంతా వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. మిగిలిన పని ఒక కంపెనీకిస్తే, వాళ్ళు ఇంకొకరికిచ్చారు, వాళ్ళు ఎవరికిచ్చారో దేవుడికే తెలియాలి. తిరిగొచ్చిన బొమ్మల్లో కళ్ళొక చోట, ముక్కొక చోట. కిందటి వారం ఎపిసోడ్ చూసి జనం నవ్విపోయారు. ఇంకొక్కసారి అలా జరిగితే ఈ పని చెయ్యి జారిపోతుంది, పదిహేడుమంది ఇళ్ళకి పోవాల్సిందే.

అన్నిటికంటే అధ్వాన్నం రెండువందల పద్నాలుగో కవరు. పండగ రోజున నలభైమంది జనం వంతెన దాటే షాటు, మూడే మూడు సెకన్లు. ఆ నలభైమందిలో ఒక్కరికీ ముఖం లేదు.

"వంతెన మీద గుడ్లు నడుస్తున్నట్టుంది. కోడి ఎక్కడుందో!" అన్నాడు హతానో, సోమవారం ఆ కవరు తెచ్చిచ్చినప్పుడు. ఊరంతా కారులో తిరిగి కవర్లు పోగుచేసి, అందరి చేతా తిట్లు తినే ఉద్యోగం అతనిది. డైరెక్టరైతే చూడను కూడా చూడలేదు. "మూడు సెకన్లు ఎవడు పట్టించుకుంటాడు? వదిలెయ్యండి" అన్నాడు.

మినోవా వదిలేసింది. మంగళవారం సాయంత్రం దాన్ని తన చేత్తోనే బయటికి వెళ్ళే అరలో పెట్టింది.

ఇప్పుడది ఆమె బల్ల మీదే ఉంది.

తెరిచి చూసింది. ప్రతి బొమ్మ మీదా ఒక పసుపు కాగితం. నలభైమందికీ ముఖాలు. పక్కకి తిరిగి, తోవ చూసుకుంటూ నడుస్తున్న ముఖాలు. ఒక ముసలాయనకి చెంప గుంట. ఒకావిడకి పై పెదవి మీద చిన్న గాటు. ఏ ఇద్దరికీ పోలిక లేదు. గీత మాత్రం మినోవాదే. కొస దగ్గర కొంచెం పైకి ఎగదన్నే ఆ అలవాటుతో సహా.

హతానో వెనకనించి తొంగిచూశాడు. "అమ్మో... ఎప్పుడు గీశారండీ ఇవన్నీ?"

"నేను గీయలేదు."

"మీ గీతే కదా."

"అవును, నాదే."

అతను బుర్ర గోక్కుని, గడియారం వంక చూసి, దిద్దడం అయిపోయిన కవర్లు పట్టుకుని మెట్లు దిగిపోయాడు. నిద్రమత్తులో గీసుంటాను, అనుకుంది మినోవా. మూడు రోజులైంది సరిగ్గా కన్ను మూసి. భయం వేయలేదు. భయపడటానికి కూడా కాస్త ఓపిక కావాలి కదా. కవరు మూసి పక్కన పెట్టి, కథానాయిక కళ్ళు దిద్దడంలో పడింది.

నాలుగింటికి కింద మర ఆగింది. గది నిశ్శబ్దమైంది.

గరగర... గరగర...

ఎవరో గీస్తున్నారు. మినోవా తన చేతి వంక చూసుకుంది. పెన్సిల్ బల్ల మీదుంది. చుట్టూ చూసింది. పడుకున్నవాళ్ళు పడుకునే ఉన్నారు. చప్పుడు పక్కనుంచే వస్తోంది. మూసిన కవరులోంచి.

చెయ్యి వేసింది. చప్పుడు ఆగిపోయింది.

కాగితాలు బయటికి తీసి, అవి జరగకుండా పట్టే పిన్నుల పట్టీకి తగిలించింది. ఒక్కొక్కటీ చూస్తే ఏ తప్పూ లేదు. అందరూ పక్కకే చూస్తున్నారు. కదలిక ఎలా ఉందో చూద్దామని అలవాటు ప్రకారం అయిదు కాగితాలు వేళ్ళ సందుల్లో ఇరికించుకుని తిప్పింది.

జనం నడిచారు. హాయిగా నడిచారు.

మళ్ళీ తిప్పింది. మూడో కాగితానికీ నాలుగో కాగితానికీ మధ్య... నలభైమందీ తల తిప్పి ఆమెని చూశారు.

ఆపింది. మూడోది తీసి చూసింది. పక్క ముఖాలు. నాలుగోది. పక్క ముఖాలే. ఆ రెంటికీ మధ్య కాగితమే లేదు.

ఇంకోసారి తిప్పింది. మెల్లగా. చూశారు. నోళ్ళు కదిలాయి. అందరివీ... ఒకేలా.

ఏదో ఒక్క మాట, పేరు పెట్టి పిలుస్తున్నట్టు.

ఆమె లేచి, గది అవతలి కొసన కూర్చునే ఇసోబే దగ్గరికి కాగితాలు పట్టుకెళ్ళింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. బొమ్మల కదలిక సరిచూడటంలో నలభై ఏళ్ళ అనుభవం.

"ఇది ఒక్కసారి చూడండి."

ఇసోబే కళ్ళజోడు పైకి నెట్టుకుని తిప్పింది. వేళ్ళు సగంలో ఆగిపోయాయి. కాగితాలు అంచులు కలిపి చక్కగా సర్దింది.

"కదలిక బాగుంది. పంపేయమ్మాయ్."

"మీరూ చూశారా?"

"బొమ్మ ఊగుతోందా లేదా చూడటమే నా పని." గొంతు తగ్గించింది. "మళ్ళీ తిప్పకు."

అయిదు నిమిషాలకి ఆవిడ సంచి తీసుకుని వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళలో పని మధ్యలో లేచి వెళ్ళడం ఎవరూ చూసి ఎరగరు. బయట సన్నగా మంచు పడుతోంది. ఆవిడ బూట్లు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి.

మినోవా బల్ల ముందు నిలబడింది. పసుపు కాగితాలు లాగేస్తే మిగిలేది గుడ్లు. నలభై ముఖాలు తనే గీద్దామంటే గంటన్నర టైముంది, ఇంకా ఇరవై రెండు కవర్లున్నాయి. మనసులో ఏదైనా కదులుతుందేమోనని చూసుకుంది. ఏమీ లేదు, పళ్ళ డాక్టరు ఇంజెక్షన్ చేశాక చెంప మొద్దుబారినట్టు. కవరు మీద తన ముద్ర వేసి హతానో చేతికిచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం బల్ల కింద నిద్రలేచేసరికి ఎపిసోడ్ ప్రసారం కూడా అయిపోయింది. హతానో ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"చూడండి! ఆ వంతెన షాటే అందరూ తిప్పితిప్పి చూస్తున్నారట. వేలమంది! ఎవరు గీశారని ఒకటే అడగడం. ఏం చెప్పమంటారు?"

ఇసోబే కుర్చీ ఖాళీగా ఉంది. ఫోనెత్తడం లేదని ఎవరో అన్నారు.

"నేనే గీశానని చెప్పు" అంది మినోవా.

కోటు వేసుకుని ఇంటికి బయల్దేరింది. స్టేషన్‌లో పగటి వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. ప్లాట్‌ఫారం మీద చిన్న చేతిసంచితో ఒక ముసలావిడ తప్ప ఎవరూ లేరు. ఎదుటి ప్లాట్‌ఫారం మరమ్మతుల కోసం మూసేసి, అడ్డంగా తాళ్ళు కట్టారు. ఆగని రైలొకటి మధ్యలోంచి దూసుకుపోయింది. పెట్టెకీ పెట్టెకీ మధ్య సందులో అవతలి పక్క కనిపించీ మాయమవుతోంది.

తాళ్ళు. జనం. పెట్టె. జనం. పెట్టె. ఈసారి అందరూ, పెదవి మీద గాటున్న ఆవిడతో సహా, ఇటే తిరిగి... నోళ్ళు తెరిచి... అదే ఒక్క మాట.

రైలు వెళ్ళిపోయింది. తాళ్ళు గాలికి ఊగుతున్నాయి. అవతల నరమానవుడు లేడు.

మినోవా కదలకుండా నిలబడింది. పక్కనున్న ముసలావిడ సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, జాలిగా నవ్వింది.

"అంతమంది ఒక్కసారే పిలుస్తుంటే, ఎవరికని పలుకుతావులే తల్లీ" అంది.