ఏ పేరు మీద ఉందండీ?

ఆదివారం పొద్దున పదింటికి దానవాయిపేటలోని ఆ ఇంట్లో మినపరొట్టి కాలుతున్న వాసన వీధిగుమ్మం దాకా వస్తోంది. వర్షిణి స్టవ్ తగ్గించి, అత్తగారి చేయి పట్టుకుని ముందుగదిలోకి తీసుకొచ్చింది.

"మీ పుట్టినరోజు కానుక అత్తయ్యగారూ. తడిమి చూడండి."

రామతులసి వేళ్లకి కొత్త కీబోర్డు తగిలింది. పాత కంప్యూటరు నత్తనడక నడుస్తోందని ఆవిడ విసుక్కోవడం విని, కోడలు తన బోనస్‌తో కొత్తది కొనేసింది. పాతదాన్ని నిన్న సాయంత్రమే కొట్లో ఎక్స్‌చేంజికి ఇచ్చేసింది.

"ఈ వయసులో నాకు పుట్టినరోజేంటమ్మా!" అంటూనే ఆవిడ మురిసిపోయింది. కుర్చీలో కూర్చుని అలవాటైన మీటలు నొక్కింది. మళ్ళీ నొక్కింది. కంప్యూటరు నోరు విప్పలేదు.

రామతులసి గురించి ఒక మాట చెప్పి తీరాలి. నీటికాసుల జబ్బుతో చూపు పోయి, హైస్కూల్లో తెలుగు టీచరు ఉద్యోగం మానేశాక, ఇంకొకరైతే మూల కూర్చునేవారు. ఆవిడ అలా కూర్చోలేదు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కొనిపించుకుని, పట్టుబట్టి నేర్చుకుని, ప్రతి ఆదివారం పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్లో పద్యాలు చెబుతోంది. ఎవరొచ్చారో, ఏం రాశారో ఆ గొంతు చెవిలో చెబుతుంది. ఈవిడ పేరుపేరునా జవాబిస్తుంది. మేడమ్‌కి చూపు లేదని పిల్లల్లో సగం మందికి తెలియనే తెలియదు.

వర్షిణి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించి, అట్టపెట్టె మీదున్న కీ నంబరు కొట్టింది. ఆ నంబరు వేరే కంప్యూటరులో వాడుకలో ఉందని తెర మీద వచ్చింది. కొట్టుకి ఫోన్ చేస్తే, పాతదాన్ని అప్పుడే మొత్తం తుడిచేశామన్నారు.

"అమ్మని ఒక్క మాట అడగొచ్చుగా!" ఉదయ్‌భాస్కర్ భార్య మీద గయ్యిమన్నాడు.

"అడిగితే ఇంక సర్‌ప్రైజ్ ఏంటండీ?" అంది వర్షిణి. "ఫ్రీగా దొరికేది ఒకటుంది అత్తయ్యగారూ, పెట్టనా?"

"దాని మీటలు వేరమ్మా. పదకొండింటికి క్లాసు. ఇప్పటికిప్పుడు ఎక్కడ నేర్చుకోను?"

"పోనీ పిల్లలకి ఉన్న విషయం చెప్పేద్దామమ్మా," అన్నాడు ఉదయ్. "నీకు కనబడదని చెప్పి, నేను పక్కన కూర్చుని చదివి పెడతాను. పాపం అనుకుంటారులే."

రామతులసి కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "ఆ పాపం అనిపించుకోవడం ఇష్టంలేకే కదరా ఇంత కష్టపడ్డాను! చూపు మొదటిసారి పోయినప్పుడు దేవుణ్ణి తిట్టుకున్నాను. ఇప్పుడు నన్నడక్కుండా నా కళ్ళు కొట్లో ఇచ్చేసి వస్తే, ఎవర్ని తిట్టుకోను?"

వర్షిణికి కన్నీళ్ళు ఆగలేదు. అయినా ఏడుస్తూ కూర్చునే రకం కాదు ఆ పిల్ల. కొంగుతో ముఖం తుడుచుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"ఇక్కణ్ణుంచి మార్చి ఇస్తాం మేడమ్," అంది అవతలి అమ్మాయి. "కొన్నప్పుడు ఇచ్చిన పేరు కరెక్టుగా చెప్పాలి. ఏ పేరు మీద ఉందండీ?"

"రామతులసి."

"కాదండి."

"చంద్రరావు," అని ఈసారి మామగారి పేరు చెప్పింది వర్షిణి.

"కాదండి. ఇంకోసారి తప్పయితే ఈరోజుకి కుదరదండి."

అందరూ చంద్రరావుగారి వైపు తిరిగారు. కొన్నది ఆయనే. భార్య పనిచేసిన బళ్ళోనే లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తుండుగుడ్డ నలుపుతూ ఓ పక్కన నించున్నారు.

"ఏ పేరిచ్చారు నాన్నా?"

"పేరేంట్రా... నేనేనాడైనా మీ అమ్మని పేరు పెట్టి పిలిచానా?"

నిజమే. పెళ్ళయిన నాటి నుంచీ 'ఇదిగో' అనడమే తప్ప, ఆయన నోట భార్యకి ఇంకో పిలుపు లేదు.

"మరి ఏం రాశారు మామయ్యగారూ? చెప్పండి, పుణ్యముంటుంది!"

ఆయన తుండుగుడ్డ భుజాన వేసుకున్నారు. "పెళ్ళికాక ముందు బళ్ళో ఎలా పిలిచేవాణ్ణో అదే రాశానమ్మా. టీచరుగారు అని."

వర్షిణి ఫోన్లో ఆ మాటే చెప్పింది.

"కరెక్టేనండి, మార్చేస్తున్నాను," అందా అమ్మాయి నవ్వుతూ.

రామతులసి కుర్చీలో కూలబడింది. "ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన రోజున, టీచరుగారు చచ్చిపోయిందండీ అని ఏడ్చాను. మీకు గుర్తుందా?"

"గుర్తుంది కాబట్టే ఆ పేరు రాశాను," అన్నారు చంద్రరావుగారు.

ఆ మాటకి ఆవిడ కళ్ళు ధారలు కట్టాయి. చూపు లేకపోతేనేం, ఏడవడానికి కళ్ళు పనికొస్తాయి. అంతలో కంప్యూటరు గొంతు విప్పి తెర మీదున్నదంతా గడగడా చదవసాగింది. ఆవిడ చేయి చాపి కోడల్ని దగ్గరికి లాక్కుంది.

"కోపంలో మాట తూలానమ్మా. ఇంకొకరైతే అలిగి గదిలోకి పోయేవారు. నువ్వు ఏడుస్తూనే ఫోన్ తీశావు చూడు, నిన్ను మెచ్చుకోవాలి."

"ఇంకెప్పుడూ మిమ్మల్ని అడక్కుండా మీ వస్తువు ముట్టుకోను అత్తయ్యగారూ."

ఉదయ్ తల దించుకుని, మాడిపోతున్న రొట్టి సంగతి చూడ్డానికి వంటింట్లోకి వెళ్ళాడు. రామతులసి చీర సర్దుకుని మీటల మీద వేళ్ళు పెట్టింది. చంద్రరావుగారు గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. కొడుకూ కోడలూ వింటున్నారని తెలిసీ గొంతు సవరించుకున్నారు.

"టీచరుగారూ," అన్నారు, "పిల్లలొచ్చే వేళైందండి."