పదిహేడు నెలల లెక్క

స్టార్ట్ కాకూడని కారు స్టార్టయింది. అదీ గొడవ.

జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా ముందు షూటింగు. వర్షంలో హీరోయిన్ కారు ఆగిపోవాలి, హీరో వచ్చి తోయాలి, తోస్తూ తోస్తూ ప్రేమలో పడాలి. అందుకని పొద్దున్నే కారులో ఒక వైరు పీకి పెట్టారు. పైపుల్లోంచి వాన మొదలైంది. కెమెరా తిరిగింది. హీరోయిన్ తాళం తిప్పగానే ఫియట్ బుద్ధిగా బయలుదేరి గేటు దాటి వెళ్ళిపోయింది. తోయడానికి వంగిన హీరో బురదలో బోర్లా పడ్డాడు.

ప్రొడక్షన్ మేనేజర్ అచ్యుతరామయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆయన కూతురు పుష్పవల్లి అదే కంపెనీలో లెక్కలు రాస్తుంది. ఆ రోజు యూనిట్‌వాళ్ళకి రోజువారీ బేటాలు పంచడానికి వచ్చిన ఆమే నేరస్థుణ్ణి పట్టుకుంది. జనరేటర్ వ్యాను బాగుచేయడానికి యూసుఫ్‌గూడ షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్ ఓదెలు, తాపీగా చేతులు తుడుచుకుంటున్నాడు.

“ఆ కారు మిమ్మల్ని ఎవరు బాగుచేయమన్నారండీ?”

“ఎవ్వరనలే మేడం. వైరు ఊడి ఉండె. చూసుకుంట ఊకుంటే మనసొప్పలే.”

“అది షూటింగు కోసం పీకిందండీ బాబూ.”

“మంచిగున్న బండిని కరాబు చేసుడు గూడ పనేనా?”

పుష్పవల్లికి నవ్వాగలేదు. నాన్న చూస్తే కొంప మునుగుతుందని వోచర్ల కట్ట మొహానికి అడ్డం పెట్టుకుంది.

“అందుకే చదువుకున్న మెకానిక్‌ని పిలవమన్నాను,” అని అచ్యుతరామయ్య అరవడం ఇద్దరికీ వినపడింది. ఓదెలు మొహం చిన్నబోయింది.

వారం తిరక్కుండా అతను ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఎర్రగడ్డలో ఆటోమొబైల్ రిపేరు కోర్సు. ఆరు నెలలు. ఫీజు తొమ్మిది వేలు.

“జర లెక్కేసి చెప్పుండ్రి మేడం. చేరాల్నా, వద్దా?”

“మీ దగ్గర ఎంతుంది?”

“పది వేలు. పదేండ్ల సంది కూడబెట్టిన. యూసుఫ్‌గూడల సొంత షెడ్డుకు అడ్వాన్సు. ఓనరు నెలాఖరు దాక ఆగుతనన్నడు.”

అంటే రెంటిలో ఒకటే. పుష్పవల్లి పెన్ను తీసింది. ఫీజు తొమ్మిది వేలు. రోజూ ఒక పూట క్లాసుకి పోతే నెలకి పన్నెండు వందల కూలి పోతుంది, ఆరు నెలలకి ఏడు వేల రెండు వందలు. సర్టిఫికెట్ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటరులో ఇప్పటికన్నా నెలకి వెయ్యి ఎక్కువొస్తుంది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. “బస్సు చార్జీలు కలిపినరా?” ఇంకో రోజు, “పుస్తకాలు?” మరో రోజు, “ఖాకీ డ్రెస్సు కుట్టుకూలి?” అన్నీ కలిపితే ఖర్చు పదిహేడు వేలు. పెట్టింది తిరిగి రావడానికి పదిహేడు నెలలు. లెక్క తేలిపోయినా ఓదెలుకు అనుమానాలు తీరలేదు. సాయంత్రం నాలుగయితే పుష్పవల్లి కళ్ళు గుమ్మం మీదే ఉండేవి. అది లెక్కల మీద శ్రద్ధ అని తనకు తనే చెప్పుకుంది. మనం నమ్మనక్కర్లేదు.

నెలాఖరు రోజు నిజం వానే పడింది. ఓదెలు తడిసి ముద్దయి వచ్చాడు.

“షెడ్డు వద్దనుకున్న మేడం. ఫీజు కట్టనీకి పోతున్న.”

“కొత్త కార్లలో కంప్యూటర్లు వస్తున్నాయట, అందుకా?”

“అది గూడ.”

“అది కూడా అంటే? ఇంకేముంది?”

ఓదెలు నేలచూపులు చూశాడు. “సారు చదువుకున్న మెకానిక్ గావాలన్నడు గద. సర్టిఫికెట్ ఉంటే మీ ఇంటికొచ్చి అడగనీకి మొహం చెల్లుతది.”

“ఏం అడగడానికి?”

“మిమ్మల్నే.”

పుష్పవల్లికి ఒళ్ళంతా సంతోషం పొంగింది. వెంటనే ఒళ్ళు మండింది కూడా.

“పదేళ్ళ కష్టం నా కోసం తగలేస్తారా? కంప్యూటరు కార్ల కోసమైతే చేరండి, కాదనను. నా కోసమైతే మాత్రం ఆ ఖర్చు శుద్ధ దండగ. నాకు మీరు ఇలాగే ఇష్టం.”

అనేశాక చూసింది. లోపలి గది గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు.

అచ్యుతరామయ్య బల్ల మీది కాగితం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, పైనుంచి కిందికి చదివాడు.

“లెక్క తప్పు.”

“మూడుసార్లు కూడి చూశాను నాన్నా,” అంది పుష్పవల్లి.

“కూడిక బాగానే ఉంది. రాబడిలో ఒక్క జీతమే వేశావు. నీ జీతం పద్దెనిమిది వందలు ఏవీ?”

ఆయనే పెన్ను తీసుకున్నాడు. “ఆరు నెలలకి పదివేల ఎనిమిది వందలు. ఫీజూ తక్కిన ఖర్చులూ పోను వెయ్యి మిగులు. షెడ్డు డబ్బు ముట్టుకోనక్కర్లేదు. ఆ రోజు కోపంలో ఏదో అన్నాను గానీ, తర్వాత కంపెనీ బళ్ళన్నీ నీ దగ్గరికే పంపిస్తున్నాను కదయ్యా.”

ఓదెలు వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. “సగం కూలితోని ఆర్నెల్లు ఇద్దరం ఏం తింటం సార్?”

“రోజూ రెండొందల మందికి భోజనాలు పంపేవాణ్ణి. ఇద్దరికి పెట్టలేనా?”

“మరి సర్టిఫికెట్ వచ్చేదాక పెండ్లి ఆపాల్నా సార్?”

“పెళ్ళి కాకుండా దాని జీతం నీ లెక్కలోకి ఎలా వస్తుందయ్యా?” అన్నాడు అచ్యుతరామయ్య.