లెక్కలో లేని బోరు

ఆగస్టు 23, శనివారం. మధ్యాహ్నం 2.20.

సోమందేపల్లికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, వేరుశనగ చేను నడుమ, ఎండిపోయిన బోరు పక్కన ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం నుజ్జునుజ్జయింది. ఇరవై ఏళ్లుగా శవాలకు ఫొటోలు తీస్తున్న పోలీసు ఫొటోగ్రాఫర్ కూడా ఒక క్షణం మొహం తిప్పుకున్నాడు.

పెనుకొండ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వసుంధర మాత్రం తిప్పుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని చూసింది.

మూడు దెబ్బలు. మొదటి దెబ్బకే ప్రాణం పోయి ఉంటుంది. మిగతా రెండూ కసి తీరక వేసినవి.

శవం పేరు అనిల్. వయసు ముప్పై నాలుగు. గుజరాత్‌లోని ఒక ఆయిల్ కంపెనీ ఇంజనీరు. ఫిబ్రవరి నుంచి ఈ ఊళ్లోనే, అక్క హరిత ఇంట్లో ఉండి వర్క్ ఫ్రం హోం చేస్తున్నాడు. పక్కనే అతని ల్యాప్‌టాప్ రెండు ముక్కలై ఉంది. ఫోను రాయి కింద పొడైంది. కాళ్ల దగ్గర రెండడుగుల పైపు పానా. దాని పళ్లలో వెంట్రుకలు. పిడి మీద తెల్ల పెయింటుతో ఒక పేరు: తిరుపాల్.

తిరుపాల్ హరిత భర్త. చేను అతనిది. బోరూ అతనిదే.

"కేసు దానంతట అదే నడిచొచ్చింది మేడమ్" అన్నాడు ఎస్సై రామచంద్ర. పని తగ్గితే చాలు, ఆయనకు పండగే.

శవం దగ్గర్నుంచి బోరు దాటి రెండు గజాల దాకా నేలంతా ఎర్రగా తడిసి ఉంది.

"ఒక్క మనిషిలో ఇంత రక్తమా!" రామచంద్ర నోరెళ్లబెట్టాడు.

ఈగలు తల చుట్టూ నల్లగా ముసురుతున్నాయి. ఫొటోగ్రాఫర్ వాటిని తోలబోతే వసుంధర ఆపింది.

"తోలొద్దు. ఎక్కడివక్కడే ఉండనిచ్చి తియ్యి. ఇటు తల వైపు ఒకటి, అటు బోరు వైపు ఒకటి."

అప్పుడే ఊళ్లోంచి కేకలు వినిపించాయి.

జీపు వెళ్లేసరికి నలుగురు మనుషులు తిరుపాల్‌ను కరెంటు స్తంభానికి కట్టేసి కొడుతున్నారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నోట్లోంచి రక్తం చొక్కా మీద కారుతోంది. ఒకడు రాయి ఎత్తాడు. వసుంధర లాఠీ వాడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రాయి వాడి కాలి మీదే పడింది.

"ఇంకెవరికన్నా చెయ్యి దురద పెడుతోందా?" అంది.

ఎవరికీ పెట్టలేదు.

తాళ్లు విప్పుతుంటే హరిత వచ్చి కాళ్ల దగ్గర కూలబడింది. తమ్ముడి రక్తం ఆమె కొంగుకి ఇంకా పచ్చిగానే ఉంది.

"మేడమ్, తమ్ముడు పోయినాడు. ఈయప్పను గూడా మీరు తీసుకుపోతే నాకింక ఎవురుండారు? నాయన లేడు, అమ్మ లేదు. ఈయప్ప కొట్టలేదు మేడమ్. ఆరేండ్లు కాపరం చేసినదాన్ని, నాకు తెలీదా?"

వసుంధర ఆమెను లేపి నిలబెట్టింది. కానీ పానా మీద పేరుంది. తిరుపాల్‌ను జీపు ఎక్కించక తప్పలేదు.

స్టేషన్‌లో ప్రశ్నలు మొదలయ్యాయి.

"పొద్దున అనిల్‌తో గొడవ పడ్డావా?"

"పడినా."

"దేనికి?"

తిరుపాల్ నోటి రక్తం తుడుచుకున్నాడు.

"డాక్టర్ చావు టైమ్ పన్నెండుకీ ఒంటి గంటకీ మధ్య అంటున్నారు. అప్పుడు ఎక్కడున్నావ్?"

"ధర్మవరం బస్టాండులో."

"ఎందుకు?"

తల దించుకున్నాడు.

"నీ పానా ఆ బోరు దగ్గరికి ఎలా వచ్చింది?"

తిరుపాల్ వాచిన పెదవులు బిగించుకున్నాడు. ఉరి తాడు మెడ దాకా వచ్చినా నోరు విప్పని వాడు దేన్నో దాస్తున్నాడనే అర్థం. అది హత్యేనా, ఇంకేమన్నానా? రేపు మధ్యాహ్నం మూడు లోపల మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. పెడితే హరిత బతుకు అక్కడితో సరి.

సాయంత్రం 5.10. పక్క చేను మారక్క స్టేషన్‌కి వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. చేతుల నిండా దద్దుర్లు.

"ఆ పిల్లోడు నా బోర్లోకి ఇనప గొట్టమట్లాది తీగ కట్టి ఇడిసినాడమ్మా. ఉగాది ముందర. 'తీయొద్దవ్వా, నీ నీళ్లకు ఏమైందో అదే చెప్తాది' అన్యాడు. ఇప్పుడు పిల్లోడే లేకపాయ. అది నేనేం చేసుకోవాల?"

"నీళ్లకు ఏమైంది అవ్వా?"

"వాసన. పోసుకుంటే ఒళ్లంతా మంట. తాగిన ఎద్దు సచ్చిపాయ."

గొట్టం బయటికి తీయించారు. నీటి ఒత్తిడిని నిమిషం నిమిషానికీ రాసుకునే గేజ్ అది. దాని మీద కంపెనీ ఫోన్ నంబరు ఉంది. ఆ నంబరు పట్టుకుని వెళ్తే అనిల్ సహోద్యోగి అమూల్య దొరికింది. సైబర్ సెల్ గేజ్‌లోని డేటా ఆమెకు పంపింది. ఏడింటికి ఆమె ఫోన్ చేసింది. గొంతు ఏడ్చి ఏడ్చి పోయింది.

"అనిల్ పనేంటో ముందు చెప్పండి" అంది వసుంధర.

"భూమి లోపలి ఆయిల్ ఫీల్డును కంప్యూటర్‌లో కడతాం మేడమ్. సిమ్యులేషన్ మోడల్ అంటాం. ఏ బావిలో నీళ్లు ఎక్కిస్తే ఆయిల్ ఏ బావి వైపు జరుగుతుందో అందులో నడిపి చూస్తాం. తర్వాతే నిజం బావులు తవ్వేది."

"మోడల్ నిజం చెప్తుందని నమ్మకమేంటి?"

"గడిచిన ఏళ్ల లెక్కలిచ్చి మొదట్నుంచి నడిపిస్తాం. మోడల్ చెప్పిందీ, నిజంగా జరిగిందీ ఒకటి కావాలి. కాకపోతే మనకు తెలియనిదేదో కింద జరుగుతోందన్న మాట."

"మరి ఈ ఊరి బోర్లతో ఏం పని?"

"వాన నీటిని ఏ ఎండిన బోర్లోకి ఎక్కిస్తే ఎక్కువ మందికి అందుతుందో వాళ్లక్క ఊరికి ప్లాన్ వేసిస్తానన్నాడు. ఇరవై రెండు బోర్లు కొలిచాడు. ఇరవై ఒకటి మోడల్‌తో కలిశాయి. మారక్క గారి బోరు ఒక్కటే కలవలేదు. వాన లేని రోజుల్లో నీళ్లు పెరుగుతున్నాయి. 'ఎవరో నీళ్లు ఎక్కిస్తున్నారు, మన లెక్కలో లేని బోరు ఒకటుంది' అన్నాడు. ఎండిన బోర్లన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఒక్క దగ్గర పెడితేనే కలిసింది."

"ఎక్కడ?"

"వాళ్ల బావగారి బోరు."

వసుంధర కలం ఆగిపోయింది.

"ఏ తేదీల్లో పెరిగాయి?"

"మార్చి 29, ఏప్రిల్ 27, మే 27, జూన్ 25, జూలై 24. ప్రతిసారీ యాభై నిమిషాల పాటు. ఇవాళ కూడా మొదలైంది మేడమ్. 12.05కి. కానీ 12.31కే ఆగిపోయింది."

వసుంధర తేదీల్ని బోర్డు మీద రాసింది. వారాలు కలవలేదు. జీతాల తేదీలూ కావు. రామచంద్ర ఆవులించాడు.

టీ గ్లాసులు తీస్తున్న కానిస్టేబుల్ యమున బోర్డు ముందు నిలబడిపోయింది. ఆమెది ధర్మవరం, నేత ఇల్లు.

"మేడమ్, ఇవన్నీ అమావాస్యలు. ఈపొద్దు గూడా అమావాస్యే. అమావాస్యకు మా ఈదుల్లో మగ్గం ఆపేస్తారు. అద్దకం పొయ్యి ముట్టించరు. చిన్నోళ్లు పెద్దోళ్లు అని లేదు, అందరూ అంతే."

వసుంధర ఫొటోల కవరు లాక్కుంది. బోరు వైపు తీసిన ఫొటోను దీపం కింద పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత యమునను పిలిచి, ఆ నేల మీద నుంచి తడిమట్టి తెమ్మని పంపింది.

తిరుపాల్ కాల్ లిస్టులో అమావాస్యకు ముందు రోజు ప్రతిసారీ ఒకే నంబరు. సోమందేపల్లి ట్యాంకర్ ఓనర్ గంగాధర్‌ది. ఆ రాత్రే అతన్ని స్టేషన్‌కి పిలిపించారు.

"ఈపొద్దు పన్నెండు నుంచి ఒంటి గంట దాకా యాడున్నావప్పా?" రామచంద్ర అడిగాడు.

"ధర్మవరంలో సార్. సంజయ్ సేటు అద్దకం యూనిట్‌కు నీళ్లు దించుతాండా. రిజిస్టర్లో ఉండాది, చూసుకోండి."

ఆదివారం పొద్దున 8.30. ధర్మవరం. వీధి పొడుగునా పొయ్యిలు మండుతున్నాయి. తొట్లలో పట్టునూలు ఎర్రగా ఉడుకుతోంది. సంజయ్ యూనిట్‌లోనూ ఎనిమిది మంది పనిలో ఉన్నారు.

సంజయ్‌ది హిందూపురం. రెండేళ్ల కిందట యూనిట్ కొని, వారానికి రెండుసార్లు కారులో వచ్చిపోతుంటాడు. మాట మెత్తన.

"నిన్న ఆ టైమ్‌లో గంగాధర్ ఇక్కడే ఉన్నాడు మేడమ్. నేనూ ఇక్కడే. ఎర్ర రంగు లాట్ నడుస్తోంది. ఇదిగో రిజిస్టర్."

శనివారం 23: నలభై కిలోలు, ఎరుపు. వసుంధర పేజీలు వెనక్కి తిప్పింది. రాత శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా ఉంది. రిజిస్టర్ చంకలో పెట్టుకుంది.

"పన్నెండున్నరకు పెనుకొండ స్టేషన్‌కి రండి. చిన్న సంతకం."

మధ్యాహ్నం 12.40. స్టేషన్‌లో ఒక బెంచీ మీద గంగాధర్, ఎదురుగా కుర్చీలో సంజయ్. లాకప్‌లో తిరుపాల్. గోడవారగా హరిత.

వసుంధర ఫొటో బల్ల మీద పెట్టింది.

"దీన్ని మేమంతా చూశాం. ఎవరం సరిగా చూడలేదు. ఈగలెక్కడున్నాయి?"

"తల దగ్గర" అన్నాడు రామచంద్ర.

"బోరు దగ్గర?"

రామచంద్ర వంగి చూశాడు. "ఒక్కటీ లేదు!"

"రక్తమైతే ఈగ వదలదు. అటు పక్కది రక్తం కాదు. యమున ఆ మట్టి కలిపిన నీళ్లలో తెల్ల పట్టునూలు వేసి ఉడికించింది. రక్తం ఉడికితే గోధుమరంగుకు తిరుగుతుంది. ఇది చూడండి."

యమున ఆ నూలు చుట్ట పైకెత్తింది. పెళ్లికూతురి చీర ఎరుపు.

"అద్దకం తొట్ల కంపునీళ్లు ఈ బోర్లోకి ఎక్కిస్తున్నారు. పనివాళ్లు ఉండని అమావాస్య రోజున తొట్లు ఖాళీ చేసి, ట్యాంకర్‌లో తెచ్చి. నిన్న 12.05కి పైపు పెట్టారు. 12.31కి పైపు బయటికి లాగారు. రంగు నేల మీద పడింది. అనిల్ కూడా."

"దానికీ నాకూ ఏం సంబంధం?" సంజయ్ నవ్వాడు. "నిన్న మాకు అద్దకం ఉందని చూపించాను కదా."

"చూపించారు. మీ రిజిస్టర్లో ఆదివారాలన్నీ ఖాళీ. ఆదివారం కాని అమావాస్యలన్నిటా పని. ఇవాళ ఆదివారం. మీ తొట్లు మరుగుతుంటే నా కళ్లతో చూశాను. హిందూపురంలో కూర్చుని ఫ్యాక్టరీ సెలవులు చూసి రాసిన రిజిస్టర్ ఇది. నిన్న మీ వీధిలో ఒక్క పొయ్యి వెలగలేదు. వెలగని పొయ్యికి గంగాధర్ నీళ్లెందుకు దించాడు?"

గంగాధర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అతని చూపు సంజయ్ వైపు పోయింది.

"నేను పైపు పట్టుకున్యా, అంతే మేడమ్! కొట్టింది ఈయప్ప!"

సంజయ్ కుర్చీ ఎత్తి అతని మొహం మీద వేసిన వేగానికి బల్ల కూడా తిరగబడింది. గంగాధర్ ముక్కు చితికి గోడకు రక్తం చిందింది. సంజయ్ వాడి గొంతు మీద మోకాలు పెట్టి నొక్కాడు. గంగాధర్ కళ్లు తేలేస్తున్నాయి. రామచంద్ర లాగితే రాలేదు. యమున జుట్టు పట్టుకుని వెనక్కి విరిచింది. వసుంధర లాఠీ అతని మోచేతి మీద రెండుసార్లు దిగాకగానీ ఆ మెత్తని మనిషి నేలకు అంటుకోలేదు. బేడీలు పడ్డాయి.

"చెప్పు" అంది వసుంధర, ఆయాసపడుతూనే.

గంగాధర్ రక్తం ఉమ్మి చెప్పాడు.

"ఆ పిల్లోడే సేటును రమ్మన్యాడు. కంప్యూటర్లో గీతలు చూపించినాడు. 'ఇంతటితో ఆపేయండి, నేను యాడా కంప్లైంట్ ఇయ్యను. మా బావ పేరు బయటికొస్తే అక్క తట్టుకోలేదు' అని చేతులు జోడించినాడు. సరే అన్యాడు సేటు, నన్ను పైపు లాగేయమన్యాడు. పిల్లోడు ల్యాప్‌టాప్ మూసేదానికి అట్లా వంగినాడు. బోరు మూత తీసేదానికి తిరుపాల్ పెట్టిపోయిన పానా ఆడనే ఉన్యాది..."

పోలీసును పిలవాల్సిన చోట అనిల్ హంతకుణ్ణి పిలిచాడు. అక్క కాపురం నిలబెట్టడానికి. వసుంధరకు ఆ కుర్రవాడి మీద కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

లాకప్ తలుపు తెరిచారు. తిరుపాల్ కుంటుకుంటూ బయటికి వచ్చాడు.

"దుడ్లిచ్చి, ట్యాంకర్ వచ్చే పొద్దు ఆడ ఉండొద్దన్యారు. బస్టాండులో కూసున్యా. ఇంటికి పోదాం పా, హరితా."

హరిత కదల్లేదు.

"ఆపు అని వాడు పొద్దున నీతో గొడవ పెట్టుకున్యాడు గదా?"

"నేను కొట్టలేదు గదా!"

"కొట్టలేదు. పానా పెట్టిపోయినావు." ఆమె వసుంధర వైపు తిరిగింది. "మేడమ్, రాసుకోండి. ప్రతి అమావాస్యకూ నన్ను పెనుకొండకు పొమ్మని బస్సెక్కించేటోడు. ఒకసారి బస్సు దొరక్క మళ్లొస్తే ట్యాంకర్ చూసినా. అడిగితే నోరు మూసుకోమన్యాడు. మూసుకున్యా."

"హరితా, ఇది సంతకం పెడితే ఇతను మళ్లీ లోపలికి పోతాడు. ఈసారి నిజంగానే. తెలుసు కదా?"

"తెలుసు మేడమ్. నా కోసమని వాడు నోరు మూసుకునే సచ్చిపాయ. నేను గూడా మూసుకుంటే ఆ నీళ్లు తాగేటోళ్లను సంపేది నేనే."

తిరుపాల్ ఏదో అనబోయాడు. రామచంద్ర అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

యమున రెండు పేజీలు రాసి ముందుకు జరిపింది. హరిత మొదట్నుంచి చివరిదాకా చదివింది. ఒక తేదీ తప్పు పడితే దిద్దించింది. ఆపైన మొగుడి వైపు చూడకుండా సంతకం పెట్టింది.