లెక్కలోకి రాని డబ్బాలు

"మీరు ఈపాటికి మంచం పట్టి ఉండాలి!" అంది మధులిక, పెరటి చెక్క కంచె మీదుగా కాగితాలు ఊపుతూ.

కంచె అవతల బట్టలు ఆరేస్తున్న నవదీప్ తడి టవల్‌తో అలాగే నిలబడిపోయాడు. "పొద్దుగాల్నే ఇదేం దీవెనండి?"

"దీవెన కాదు, లెక్క. వారం రోజుల మీ తిండి డైరీ లెక్కేశాను. రోజుకి తొమ్మిది వందల కేలరీలు! మా పాప వర్షిణికి కూడా చాలవు. మీరేమో ఆరడుగుల మనిషి, రోజూ సాయంత్రం ఐదు కిలోమీటర్లు పరుగెడతారు. నిజం చెప్పండి, ఏం దాచారు?"

"ఏం దాచలే. వండుకున్నదంత రాసిన. టోస్టు రాసిన, పెరుగన్నం రాసిన, ఆఖరికి నమిలిన సోంపు గూడ రాసిన."

మధులికకు నవ్వు రాలేదు.

డిగ్రీ మొదటి సంవత్సరంలోనే చదువు మాన్పించి పెళ్లి చేస్తే ఐర్లాండ్ వచ్చిందామె. వర్షిణికి రెండేళ్లు నిండకుండానే పెళ్లాడిన ఆ పెద్దమనిషి తన దారి తాను చూసుకున్నాడు. ఆడమ్స్‌టౌన్‌లో నర్సుగా ఉన్న అక్క అనురాధ ఇంటికి చేరి, ఇరవై ఏడో ఏట కమ్యూనిటీ కాలేజీలో న్యూట్రిషన్ కోర్సులో చేరింది. ఇక్కడ ఏడాది చదివి చాలినన్ని డిస్టింక్షన్లు తెచ్చుకుంటే యూనివర్సిటీలో డైటెటిక్స్ చదివి డైటీషియన్ కావొచ్చు. ఇంకొక్క డిస్టింక్షన్ కావాలి. అది ఈ అసైన్‌మెంట్‌తోనే రావాలి.

ఒక మనిషి చేత వారం రోజుల తిండి రాయించి, లెక్కగట్టి, సలహా చెప్పాలి. ఆ మనిషి ఇంటివాడు కాకూడదు, ఆప్తుడు కాకూడదు. 2021 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, బయటి మనిషి ఎక్కడ దొరుకుతాడు? పక్కింట్లో ఉన్నాడు. రూమ్మేట్లు ఇండియా వెళ్లిపోతే వంటింటి బల్ల మీదే ఆఫీసు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నవదీప్.

"ఈ అంకెలు నమ్మేలా లేవు. శుక్రవారంలోగా సరిచేయకపోతే తీసుకోలేను" అని టీచర్ ఐలీన్ నిన్న జూమ్‌లో తేల్చి చెప్పింది.

"మీ మొహమాటానికి నా ఏడాది పోతుందండీ," అంది మధులిక. "బతిమాలడం లేదు, అడుగుతున్నాను. మీరు వండుకోనిది ఏం తిన్నారు?"

నవదీప్ చెవులు ఎర్రబడ్డాయి. "మీరు పంపినయి."

"నేను పంపేది ఎంతండీ! వారానికి ఒకటో రెండో డబ్బాలు..."

అతను ఫోన్ తీసి, చెయ్యి చాచి, ఆమెకు కనిపించేలా పట్టుకున్నాడు. ఫొటోల నిండా ఆమె తిండి సర్ది పంపిన పాత ఐస్‌క్రీం డబ్బాలే. సోమవారం పులిహోర. మంగళవారం రాగి ఇడ్లీ, పక్కన చిన్న డబ్బాలో పల్లీ చట్నీ. బుధవారం ఆనపకాయ పప్పు, దాని మీద అరంగుళం నెయ్యి...

"వారంలో పదకొండు," అన్నాడు. "వర్షిణి పెట్టిపోయిన సగం కొరికిన బిస్కెట్ కలుపుకుంటె పన్నెండు."

"మరి రాయరేం మహానుభావా!"

"ఒకలు పెట్టిన అన్నం లెక్కవెడ్తరా ఎవరన్న? మా ఇంట్ల ఎన్ని రొట్టెలు తిన్నరని అడిగినా అమ్మ కొట్టనీకొస్తది. దిష్టి తగుల్తదంటది."

మధులిక వాళ్లింట్లోనూ అంతే. తినేవాళ్ల దోసెలు లెక్కపెడితే అమ్మ కళ్లెర్రజేసేది. కోర్సు కోసం ఏది వండినా పక్కింటికి ఇంత సర్దిన చేతికి లెక్క ఎప్పుడుంది? తన వంటింటి నుంచి వెళ్లిన తిండే తన క్లయింటు డైరీలో లేదని కనిపెట్టలేకపోయిన డైటీషియన్!

"ఇంతకీ ఫొటోలెందుకు తీశారు?"

"మొదాలు అమ్మకు పంపెటందుకు. కొడుకు పస్తులుంటలేడని నమ్మాలె గద. తర్వాత అమ్మకు పంపకుంట గూడ దాచుకున్న. ఎందుకంటే..."

"ఆగండి!" మధులిక అరచెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్క మాట కూడా వద్దు. క్లయింటు ఆప్తుడు కాకూడదని మొదటి పేజీలో సంతకం పెట్టాను."

"ఎప్పటిదాక?"

"గ్రేడు వచ్చేదాకా. ఆరు వారాలు. డబ్బాలు కూడా బంద్."

"అయితే ఆ తొమ్మిది వందలు నిజమైతయి!"

"కావు. పప్పు వండటం నేర్పుతాను. రాసుకోండి."

శుక్రవారం ఆమె ఏదీ దాచకుండా ఐలీన్‌కు చెప్పేసింది. ఫొటోలతో లెక్క రోజుకి రెండు వేల మూడు వందల కేలరీలకు చేరింది. చివరి పేజీలో మధులిక ఇలా రాసింది: "మా వాళ్లను ఏం తిన్నారని అడిగితే చాలదు. ఎవరు పెట్టారని కూడా అడగాలి."

ఐలీన్ నవ్వింది. "గ్రాండ్! ఇన్నేళ్లలో నాకు ఈ ప్రశ్న తట్టలేదు. మరి అతను నీకు కేవలం క్లయింటేనా?"

"క్లయింటే," అని, మధులిక మైకు మ్యూట్ చేసుకుని మరీ నవ్వుకుంది.

మే నెలంతా వానే. కంచెకు ఇటో గొడుగు, అటో గొడుగు.

"ఉప్పెంత?"

"రుచికి తగినంత."

"అదేం కొలతండి! గ్రాముల్ల చెప్పుండ్రి. డైటీషియనేనా మీరు?"

"ఇంకా కాలేదు. అందుకే మీ మీద ప్రయోగం."

మొదటిసారి పప్పు మాడింది. రెండోసారి పలచనైంది. మూడోసారి తాలింపు వాసన గాలిలో కంచె దాటి వచ్చింది. మధులికకు ఎందుకో పుస్తకంలో పేజీ ముందుకు కదల్లేదు.

జూన్ మొదటి వారంలో గ్రేడు వచ్చింది. ఈసారి ఆమె పెరటి వైపు వెళ్లలేదు. వర్షిణి చెయ్యి పట్టుకుని నేరుగా వీధి తలుపు తట్టింది.

"డిస్టింక్షన్! సెప్టెంబరులో యూనివర్సిటీ. మీ ఫైలు మూసేశాను. ఇక మీరు క్లయింటు కాదు."

"మరేంది నేను?"

"అది మీరే చెప్పాలి. 'ఎందుకంటే' దగ్గర ఆపాను."

నవదీప్ తలుపు పూర్తిగా తెరిచాడు. "ఎందుకంటే... డబ్బా మూత తీసినప్పుడల్ల కూర కంటె ముందు మీరు గుర్తొచ్చెటోళ్లు. ఇంక చాన అనుకున్న గని, మొత్తం మర్చిపోయిన."

మధులిక కళ్లు దించలేదు. "ముందే చెబుతున్నా. ఇంకా నాలుగేళ్లు చదవాలి. నాకు నా కూతురు ముందు. ఈ రెండింట్లో దేన్నీ తగ్గించను."

"ఎవరు తగ్గించమన్నరు? మీకు క్లాసులున్నప్పుడు వర్షిణిని స్కూలు నుంచి నేను తీస్కొస్త. అమ్మకు అంత చెప్పిన. పాపకు కారం తక్కువెయ్యి అన్నది, గంతే."

వర్షిణి తల్లి చెయ్యి లాగింది. "మమ్మీ, ఈజ్ హీ కమింగ్ టు అవర్ హౌస్ ఆర్ నాట్?"

మధులిక చెంపలు వేడెక్కాయి. అయినా తడబడలేదు. "లాక్‌డౌన్ సడలించి, ఈ వారం నుంచి ఇంకొక్క ఇంటివాళ్లను ఇంట్లోకి రానివ్వచ్చన్నారు. ఒక్క ఇల్లే. ఎవరిని పిలవాలా అని అక్క నిన్నటి నుంచి లిస్టు రాస్తోంది."

"లిస్టుల నేనున్ననా?"

"లిస్టు చింపేసి వచ్చాను. చెప్పులేసుకోండి."