మూసిన దారి వింటూనే ఉంటుంది

అయినా ఆ రోజు గాలి సముద్రం మీంచి ఒడ్డుకి వీచింది కదా, అరిచినా పడవలో నిఘాకి వెళ్లిన ఫీఫీకి వినబడేది కాదు, అని ఎబో మళ్లీ అనుకున్నాడు. కానీ అరవమని ఎవరన్నారు? మీట నొక్కితే సరిపోయేది. రేడియో పక్కన, బొటనవేలి కింద, శనగగింజంత నల్ల మీట. అవతల చమురు దొంగలు తమలో తాము ఫీఫీ పడవ రంగు చెప్పుకున్నారు, పడవ మీద రాసిన పేరు చెప్పుకున్నారు, ఎన్నింటికి చుట్టుముడతారో చెప్పుకున్నారు. మనం వింటున్నట్టు వాళ్లకు తెలియకూడదు, నోరు మూసుకో, అని పైనుంచి ఆజ్ఞ. అతను హెడ్‌ఫోన్ పెట్టుకుని అంతా రాసుకున్నాడు. దస్తూరి చెదరలేదు. తర్వాతెప్పుడో ఆ కాగితం మళ్లీ చూసినప్పుడు అన్నిటికన్నా భయం వేసింది ఆ దస్తూరిని చూసే.

జేబులో పాత రేడియో హ్యాండ్‌సెట్ టక్, టక్, టక్ మంది.

ఏడో ఛానల్. అధికారికంగా మూసేసి నాలుగేళ్లయింది. మాట్లాడే ముందు మీట మూడుసార్లు నొక్కడం ఫీఫీ అలవాటు. ఫీఫీ పడవ ఖాళీగా దొరికింది, ఫీఫీ దొరకలేదు. ఆ చప్పుడు మాత్రం అప్పుడప్పుడూ వస్తుంది, ఎక్కువగా క్రిస్మస్ రోజుల్లో. ఎబో వింటాడు. జవాబివ్వడు. హ్యాండ్‌సెట్ ఆపెయ్యడు కూడా.

క్రిస్మస్ మర్నాడు, మధ్యాహ్నం ఒంటిగంట. తకొరాడి రేవుపట్నంలో మార్కెట్ సర్కిల్ చుట్టూ బాకాలు మోగుతున్నాయి. రంగుల పేలికల దుస్తుల్లో వేషగాళ్లు గుంపులు గుంపులుగా ఎగురుతున్నారు. ఎబో వాళ్లను తప్పించుకుంటూ కెంకే, అంటే పులిసిన మొక్కజొన్న ముద్దలు, అమ్మే బల్ల దగ్గరికి చేరాడు.

"చేప తల ఎవరికి?" అని గుర్తుమాట అడిగాడు.

"ఇంట్లో పెద్దవాళ్లకి," అంది అమ్మే మనిషి తలెత్తకుండా. గరిటతో వెనక్కి చూపించింది.

వెనక రేకుల పంచన మేడమ్ టాండో కూర్చుని ఉంది. సముద్ర నిఘా కేంద్రంలో రహస్య విభాగం ఆవిడ చేతిలోనే నడుస్తుంది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టు తెల్లబట్టలు. వాటి మీద మిరప పచ్చడి మరక పడకుండా చేప ముళ్లు తీస్తోంది.

"ఆలస్యం."

"దారి నిండా వేషగాళ్లు, మేడమ్."

"మంచిది. నువ్వూ వేషం కడుతున్నావు. కూర్చో, తిను. తినకుండా కూర్చుంటే పోలీసులా కనిపిస్తావు."

ఆవిడ ఆకు మీద రెండు కెంకే ముద్దలు దూరదూరంగా పెట్టింది. "ఇది మన హాల్లో ఉన్న పెద్ద నెట్‌వర్క్ స్విచ్ పెట్టె. ఇది కొండమీద గస్తీ విభాగంలో ఉన్నది. మధ్యన తిన్నగా కేబుల్. కేంద్రం మాటలన్నీ దీన్లోంచే వెళ్లేవి. నిన్నటి నుంచి వెళ్లడం లేదు."

"కేబుల్ తెగిందా?"

"తెగలేదు. మూసుకుంది. దానంతటదే." రెండు ముద్దలకూ కింద, మూడో మూలలో, చేప తల పెట్టింది. "పాత స్టోర్‌రూంలో మూడో స్విచ్ లేచింది. పన్నెండేళ్ల నాటిది. ఇప్పుడు ప్రతి మాటా కిందకి దిగి, దాని గుండా పోయి, మళ్లీ పైకెక్కుతోంది."

ఎబో ఆకు మీది మూడు మూలలూ చూశాడు. స్పానింగ్ ట్రీ. కేంద్రంలో కలిసి పనిచేసినప్పుడు ఈ విద్య అతనికి ఫీఫీయే నేర్పాడు. మూడు స్విచ్‌లు మూడు వైపులా కలిసి ఉంటే మాట గుండ్రంగా తిరిగి తిరిగి నెట్‌వర్క్‌కి పిచ్చెక్కిస్తుంది. అందుకని అవి తమలో ఒకదాన్ని పెద్దగా ఎన్నుకుంటాయి. పెద్ద దగ్గరికి వెళ్లే దారులు ఉంచి, మిగిలిన దారి మూసేస్తాయి. ఎవరికి చిన్న అంకె ఇస్తే అదే పెద్ద. అందరి అంకే ఒకటైతే ఫ్యాక్టరీ నంబరు చూస్తాయి. అక్కడున్న వాటిలో అతి చిన్న నంబరు అతి పాత పెట్టెది.

"మనవాళ్లు అంకెలు మార్చనే లేదా?"

"ఎలా మారుస్తారు? రేవు విభాగం మాదే పెద్ద అంది, గస్తీ విభాగం కాదు మాదే పెద్ద అంది. ఎనిమిది మీటింగులు, బిస్కెట్ల ఖర్చు వేరే. చివరికి మీ ఫీఫీ ఏమన్నాడో గుర్తుందా? ఇది పీఠం తగాదా, ఇందులో తల దూర్చినవాడు ముసలాడవుతాడు గానీ తీర్పు రాదు. రెంటికీ ఒకే అంకె వదిలేస్తున్నా అన్నాడు."

గుర్తుంది. నవ్వుతూ అన్నాడు.

"మూడింటికి గస్తీ ఓడ బయల్దేరుతుంది," అంది మేడమ్, గొంతు తగ్గించి. "సరిగ్గా అప్పుడే హాల్లోంచి కొండమీదుగా దానికి పంతొమ్మిది పేర్లు వాటంతటవే వెళ్తాయి. చమురు దొంగల విదేశీ ఓడల మీద మనకోసం కన్నేసి ఉంచే జాలర్లు. ఆ పేర్లు అందకపోతే మన ఓడే మన పడవల్ని కాలుస్తుంది. ఆ పాత పెట్టె గుండా వెళ్తే ముఠాకి అందుతాయి. మన సంకేత లిపి వాళ్ల చేతిలో పడి నెలయింది. వారం తిరక్కుండా పంతొమ్మిది ఖాళీ పడవలు కొట్టుకొస్తాయి."

"పెట్టె పీకేస్తే?"

"అది చచ్చిందంటే మనకు తెలిసిపోయిందని వాళ్లు పారిపోతారు. సాయంత్రం దాకా వాళ్లు నిశ్చింతగా ఉండాలి, ఓడ వెళ్లి అందర్నీ ఒకేసారి పట్టుకోవాలి. పెట్టె బతికే ఉండాలి. పేర్లు మాత్రం దాని గడప తొక్కకూడదు. హాల్లో స్విచ్‌ని పెద్దని చెయ్యి. వేషంలోనే వెళ్లు, లోపలున్న వాళ్ల మనిషి నిన్ను గుర్తుపట్టకూడదు."

"ఎవరు లేపారు దాన్ని?"

మేడమ్ వేళ్లు తుడుచుకుంది. "అరబా. రెండేళ్లుగా ముఠాలో మన మనిషి. మనలో వాళ్ల మనిషి కూడానట. నిన్నే తెలిసింది."

అరబా, ఫీఫీ భార్య. ఎబో వదినా అని పిలిచేవాడు. అంత్యక్రియలకు శవం లేదు. ఎబో కూడా వెళ్లలేదు.

"ఏ రేడియో ఛానల్లోనూ నీ నుంచి ఒక్క మాట రాకూడదు. వాళ్లు వింటుంటారు," అంది మేడమ్.

"నాకు అలవాటే," అన్నాడు ఎబో.

*

తీగవల ముసుగు లోపల ఊపిరి వెనక్కి తిరిగొచ్చి ముఖానికే కొడుతుంది. బయటివాళ్లకి గులాబీ రంగు ముఖం, సన్న మీసం. లోపలున్నవాడికి లోకమంతా చిల్లులు. బాకాల గుంపు కేంద్రం గేటు ముందు ఆగినప్పుడు రెండూ పది. ఎబో పేలికల కింద లాప్‌టాప్ కడుపుకి కట్టి ఉంది, చెవిలో మేడమ్ మాట వినిపించే బుల్లి ఫోను ఉంది.

"ఏయ్ మీసాలోడా!" అని కాపలా కొబినా అరిచాడు. "ఎగురుతున్నావా, కాలికి ముల్లు గుచ్చుకుందా?"

"వాడు కొత్త, అన్నా," అని బాకా ఊదేవాడు సర్దిచెప్పాడు.

"కొత్తేంటి, మా అమ్మమ్మ మోకాళ్ల నొప్పులతో ఇంతకన్నా బాగా ఎగురుతుంది. పోండి లోపలికి, పెద్దాయన లేడు, కాసేపు గంతులేసి పోండి."

ముంగిట్లో ఒకావిడ వేషగాళ్లకి సోబోలో షర్బత్తు గ్లాసులు అందిస్తోంది. బంగారు రంగు గౌను, పెద్ద నల్ల కళ్లజోడు, చెవులకి వేలాడే పగడాలు. ఉద్యోగులందరూ వేషాల్ని వదిలేసి ఆమెనే చూస్తున్నారు. ఎబో గ్లాసుకోసం చెయ్యి చాచాడు. అరబా ఇవ్వలేదు. చూపుడువేలితో ముసుగు చెంప మీద మెల్లగా రాసింది.

"ఈ ముఖం ఎవరిచ్చారు నీకు?"

అతను గంతు వేశాడు. గజ్జెలు మోగాయి. అప్పుడు చూశాడు: మీసం కొనకి దగ్గర్లో ముసుగుకి పాత సొట్ట. ఫీఫీ ఒకసారి మెట్లమీంచి పడ్డప్పటిది. అతని గుంపు, అతని ముసుగు. మేడమ్ కావాలనే ఇచ్చిందా, దొరికింది ఇచ్చిందా? అరబా గ్లాసు చేతిలో పెట్టి వెనక్కి తిరిగింది, స్టోర్‌రూం వైపు.

హాలు చివర స్విచ్ గదిలో ఎవరూ లేరు. గోడమీద నోటీసు: సెలవులు ముగిసేదాకా నెట్‌వర్క్‌లో ఏ మార్పూ చేయరాదు. ఎబో ముసుగు తీయకుండానే కేబుల్ తగిలించాడు. తలుపు తాళం దగ్గరే ఆలస్యమైంది, ఇప్పుడు పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు. రెండూ యాభై ఎనిమిది.

టక్, టక్, టక్.

"మరిదీ," అంది హ్యాండ్‌సెట్. "నీ నడక నాకు తెలియదా?"

అతని వేళ్లు ఆగాయి.

"ఇన్నాళ్లూ ఆ చప్పుడు ఎవరిదనుకున్నావు? ఆయన హ్యాండ్‌సెట్ నా దగ్గరే ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ నొక్కుతాను. నువ్వు వింటావనీ తెలుసు, పలకవనీ తెలుసు. ముఠావాళ్లు నాకో మాట చెప్పారు. ఆ రోజు మీవాళ్లకి అంతా వినబడుతూనే ఉందని. అబద్ధమని చెప్పు. లేకపోతే నిజమని చెప్పు. ఏదో ఒకటి నీ నోటితో చెప్పు, ఈ పెట్టె ప్లగ్గు నేనే పీకేస్తాను."

చెవిలో మేడమ్ చిన్న గొంతు. "పలక్కు. పెట్టె బతకాలి."

ఆ రోజూ సరిగ్గా ఇలాగే ఉండింది. ఇలాంటి కుర్చీయే, ఇదే ఆజ్ఞ. ఎబో తెర వంక చూశాడు. ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది. మూడు స్విచ్‌లదీ అదే అంకె. ఎవరూ తేల్చని పీఠం. దాని మీద ఇప్పుడు చచ్చి లేచిన పాత పెట్టె కూర్చుంది. నాలుగు వేల తొంభై ఆరు అని కొట్టాడు. రెండూ యాభై తొమ్మిదీ ఇరవై సెకన్లు. ఎంటర్.

మూసిన దారి వెంటనే తెరుచుకోదు. పదిహేను సెకన్లు వింటుంది. ఇంకో పదిహేను సెకన్లు ఎవరెక్కడున్నారో నేర్చుకుంటుంది. అప్పుడుగానీ మాటని దాటనివ్వదు. దానికి అర నిమిషం చాలు. అతనికి నాలుగేళ్లు చాల్లేదు.

"మరిదీ?"

స్విచ్ మీద ఆ దారి దీపం ఎర్రగానే ఉంది. బయట బాకాలు తప్పుడు తాళంలో మోగుతున్నాయి. ఎర్రగానే. మూడింటికి పది సెకన్లుందనగా పచ్చబడింది. మూడు కొట్టింది. పంతొమ్మిది పేర్లు తిన్నగా, కొండమీదికి, ఒక్క రెప్పపాటులో వెళ్లిపోయాయి. చేరినట్టు రసీదు వచ్చింది. కింద స్టోర్‌రూంలో పెట్టె మీద దీపాలు మామూలుగానే మెరుస్తూ ఉంటాయి. చిన్నాచితకా కబుర్లు దానికి ఇంకా అందుతున్నాయి.

"శభాష్," అంది మేడమ్. "ఇక బయటికి రా."

టక్, టక్. మూడోసారి నొక్కడం ఆమె మరిచిపోయింది.

"పేర్లు ఈ పెట్టెలోంచి వాళ్లకి వెళ్లిపోయాయి, ఎబో. మూడయింది." గొంతు ఆమెది కానట్టుంది. "పీకేద్దామనే చెయ్యి పెట్టాను. ఇంకా చెయ్యి ప్లగ్గు మీదే ఉంది. నువ్వు పలుకుతావేమో, పలుకుతావేమో అని చూస్తూ ఉండిపోయాను. పంతొమ్మిది మంది. వాళ్లకీ పెళ్లాలుంటారు కదా?"

"అలాగే అనుకోనీ," అంది మేడమ్ చెవిలో. "ఆమె నమ్మితేనే వాళ్లు నమ్ముతారు. పేర్లు క్షేమం. సాయంత్రం వేట దక్కాలి."

ఎబో ముసుగు తీశాడు. ముఖానికి గాలి తగిలింది. చెయ్యి ప్లగ్గు మీద పెట్టుకుని కూర్చున్న మనిషి ఎలా ఉంటుందో అతనికి చూడకుండానే తెలుసు. రేపు ఎలా ఉంటుందో, ఇంకో నాలుగు క్రిస్మస్‌ల తర్వాత ఎలా ఉంటుందో కూడా. ఆమె దస్తూరి కూడా చెదరదు.

గోడమీది నోటీసు చదివాడు. ఏ మార్పూ చేయరాదు. ఒకటి అప్పుడే చేశాడు. రెండోదానికి శిక్ష ఎక్కువేం ఉండదు.

చెవిలోని మేడమ్‌ని తీసి బల్లమీద పెట్టాడు. హ్యాండ్‌సెట్ పక్కన శనగగింజంత నల్ల మీట మీద బొటనవేలు ఆనించాడు. నొక్కాడు.

"వదినా," అన్నాడు. "ఆ రోజు విన్నాను."