కన్నీరు పడని పసరు

ఆదివారం... అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

దయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయని నమ్మేవాళ్ళు అనంతపురం జిల్లా ఎండను చూడనివాళ్ళు. సూర్యుడు నడినెత్తికి వచ్చి, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందికే దూరిపోయే ఆ ఘడియలో ఈ సీమలో మేక కూడా గుట్ట ఎక్కదు. అటువంటి వేళ, కదిరికి ఎగువనున్న నల్లగుట్ట మీద, నిప్పులు చెరిగే బండల నడుమ, ఒక గుడ్లగూబ పట్టపగలే కూసింది. మబ్బు తునక లేని ఆకాశంలో ఎక్కడో ఉరిమింది. ఆ ఉరుముకు వాన రాదని కింద ఊళ్ళల్లో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ తల ఎత్తి చూడలేదు.

గుట్ట కొనన గుహ. గుహ ముఖద్వారంలో, పులితోలని అతను చెప్పుకునే ఏదో ఒక తోలు మీద, మాంత్రికుడు లింగప్ప పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. భస్మలేపితమైన భీకర దేహం... చింతనిప్పుల వంటి కళ్ళు... అతని ముందు రక్తవర్ణపు ముగ్గు, ముగ్గు నడుమ ఒక కపాలం. పుర్రె అన్నాక తెల్లగా ఉండాలి. ఇది పచ్చగా ఉంది! నుదుటి ఎముక నుంచి దవడ దాకా తేళ్ళు, తులసికోటలు, రాములవారి పాదాలు, మొగుళ్ళ పేర్లు, పెళ్ళాల పేర్లు, పోయిన బిడ్డల పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కిక్కిరిసి ఉన్నాయి. అవన్నీ బతికున్న మనుషుల ఒంటి మీద నుంచి ఊడి వచ్చిన పచ్చబొట్లు.

ఎనభయ్యో సంవత్సరపు కరువు లింగప్పకు కలిసొచ్చింది. వేరుశనగ భూమిలోనే మాడింది, గొడ్లు సంతకు పోయాయి, పిల్లలు జ్వరాలకు పోయారు. ఏడ్చి ఏడ్చి గొంతులు ఎండిన జనానికి అతను ఒక మాట చేరవేశాడు. దుఃఖం గుండెలో ఉండదట. పోయినవాళ్ళ గుర్తుగా ఒంటి మీద ఏ పచ్చబొట్టు ఉందో దానిలో ఉంటుందట, దాన్ని తాను తీసేస్తాడట. జనం బారులు తీరి గుట్ట ఎక్కారు. అతను కపాలాన్ని ఆ చోట ఆనించి మంత్రం గొణిగేవాడు. చర్మం మీది పచ్చదనం చీమల బారులా కదిలి ఎముక మీదికి పాకేది, చేయి నున్నగా మిగిలేది. దుఃఖం నిజంగానే పోయేది... దాని వెంటే కోపం, నవ్వు, నోటి రుచి, పక్కనున్న మనిషి మీది మమకారం కూడా పోయేవి. దిగి వచ్చినవాళ్ళు తినమంటే తినేవారు, పనికి రమ్మంటే వచ్చేవారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో శవం లేచినా ఏడుపు లేచేది కాదు.

ఆ మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు ఆ గుట్ట ఎక్కుతున్నారు. ముందు నడుస్తున్నది బయమ్మ, ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచే మనిషి. వెనక వస్తున్నది అంజనమ్మ, కరువు పనిలో చెరువు మట్టి మోసే రామాంజులు భార్య. బండలు అరికాళ్ళను కాలుస్తుంటే బయమ్మ ఎగిరెగిరి అడుగులు వేస్తోంది. అంజనమ్మ మాత్రం చల్లటి వరిమడిలో నడిచినట్టు నడుస్తోంది, ఆమె కాళ్ళకు కాలడం తెలియడం లేదు.

ఆమెకు ఒక్కతే బిడ్డ, పేరు యశోద. బిడ్డ పుట్టిన సంబరానికి బయమ్మే ఆమె ముంజేతి మీద చిన్న ఉయ్యాల పొడిచింది. పాలు తాగి పడుకున్న పిల్ల ఒకనాడు తెల్లవారేసరికి నీలంగా మారి ఉంది. అప్పటి నుంచి అంజనమ్మ ఆ ఉయ్యాలను చెంపకు ఆనించుకుని ఏడుస్తూ తిండి మానేసింది. చూడలేక రామాంజులే ఆమెను లింగప్ప దగ్గరికి తీసుకుపోయాడు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. తిరిగి వచ్చిన అంజనమ్మకు బిడ్డ పేరు కూడా గుర్తు లేదు, గుర్తు లేదన్న బాధా లేదు. బిడ్డ లేదన్న సంగతి ఒక్క ఆమె ఒంటికే తెలిసినట్టు లేదు, పొద్దుకూ మాపుకూ పాలు పొంగి రవిక తడిసిపోయేది. ఆమె ఆ తడిని ఒకసారి చూసి రవిక మార్చుకునేది.

రామాంజులు బయమ్మ కాళ్ళ మీద పడ్డాడు, మళ్ళీ ఉయ్యాల పొడవమని. బయమ్మ పొడిచింది. సూదులు దిగాయి, నెత్తురు వచ్చింది, పసరు మాత్రం పట్టకుండా నీళ్ళలా జారిపోయింది. అంజనమ్మ కనీసం అబ్బా అనలేదు. ఎన్నో ఊళ్ళల్లో ఎందరివో చేతులు పట్టుకున్న బయమ్మకు తన పనంటే మొదటిసారి భయం వేసింది.

"పొడిస్తే వచ్చేది కాదప్పా ఇది. తీసుకున్నోని కాన్నుంచే రావల్ల" అంది.

లింగప్ప నుంచే కబురు వచ్చింది. సూదులతో బయమ్మ, చంటిపాలతో అంజనమ్మ అమావాస్యకు గుట్ట ఎక్కాలి. ఎక్కకపోతే రామాంజులు నెత్తురు కక్కుకుని చస్తాడు. అతను తమాషాకు బెదిరించే రకం కాదని ఊళ్ళో అందరూ ఎరుగుదురు.

లింగప్ప ఆశ చిన్నది కాదు. చచ్చిన మనిషి వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని ఈ సీమ ముసలమ్మలు చెబుతారు, యమదూతలు దాన్ని బట్టే మనిషిని గుర్తుపడతారట. అందరి గుర్తులూ ఒక్క ఒంటి మీద ఉంటే ఆ మనిషిని ఎవరని పట్టుకుపోతారు? మృత్యువునే మోసం చేసే మహాపన్నాగం అది. దానికి మామూలు పసరు చాలదు. తల్లిపాలతో నూరినదై ఉండాలి, కన్నీటి చుక్క పడనిదై ఉండాలి. కరువులో తల్లుల రొమ్ములు ఎండిపోయాయి. పాలున్న తల్లీ, ఏడవలేని తల్లీ ఒక్కతే అయినది అంజనమ్మ.

ఆమె కొబ్బరిచిప్పలోకి పాలు పిండింది. బయమ్మ ఆముదం దీపపు మసీ, గుంటగలగరాకు పసరూ అందులో కలిపి నూరింది. గుడ్లగూబ మళ్ళీ కూసింది. గుట్ట మీద సూర్యుడు మేకు కొట్టినట్టు ఆగిపోయాడు... గాలి ఆగిపోయింది... బయమ్మ సూదుల కట్ట పసరులో ముంచి, చేయి ఆపి, అంజనమ్మ వైపు తిరిగింది.

"ఈ పాలు ఎవురికి?"

పాలిచ్చిన మనిషిని అలా అడగకుండా మొదటి పోటు పొడవరు. అడిగినదానికి ఒకటే జవాబు ఉంది. ఆ జవాబు రాకపోతే పుండు మానదని, వస్తే పొడిపించుకున్న మనిషి ఆ తల్లికి పాలబిడ్డ అవుతాడని ఆడవాళ్ళందరికీ తెలుసు. మగవాళ్ళు తిరునాళ్ళలో ముందే నూరి పెట్టిన పసరుతో తేళ్ళూ పాములూ పొడిపించుకుంటారు కాబట్టి ఈ ఆనవాయితీ వాళ్ళ చెవిన పడదు. సకల తంత్రాలూ చదివిన లింగప్పకూ తెలియదు. పచ్చబొట్లు ఊడబెరకడమే తప్ప అతను ఏనాడూ పొడిపించుకున్నవాడు కాదు.

అంజనమ్మ చిప్పలోకి చూస్తూ ఉండిపోయింది. బయమ్మ చూపు ఆమె పెదవుల మీది నుంచి కదల్లేదు. చివరికి, అలవాటైన దారిలో ఎద్దు నడిచినట్టు, ఆమె నోరు దానంతట అదే కదిలింది.

"నా బిడ్డకి."

ఆడంగుల సోది అయిపోతే సూది ఎత్తమని లింగప్ప విసుక్కున్నాడు. బయమ్మ ఎత్తింది. సూది దిగిన చోటల్లా కపాలం మీద ఒక గుర్తు మాయమై అతని దేహం మీద మొలిచింది! తేలు భుజం మీదికి, తులసికోట పొట్ట మీదికి, ఎవరెవరి పేర్లో వీపు మీదికి... అతని కళ్ళు వెలిగిపోయాయి. పసరులో కన్నీరు పడుతుందేమోనన్న ఒక్క అనుమానం మిగిలింది. అదీ తేల్చుకోవాలని అంజనమ్మ వైపు వంగాడు.

"నీ బిడ్డను చంపినది నేనే. పాలుండే తల్లి కావల్సి ప్రయోగం చేసినా. ఏడుపొస్తాందా?"

అంజనమ్మ ఆలోచించింది. "లేదు సామీ" అంది.

బయమ్మ ఆ మాట విన్నది. అయినా ఆగలేదు. కడపటి గుర్తు ఉయ్యాల, అది అతని గుండె మీద వెలిసింది. కపాలం తెల్లగా మిగిలింది. లింగప్ప లేచి నిలబడి వికటాట్టహాసం చేశాడు, వానలేని ఉరుము గుట్టను కుదిపింది.

అప్పుడు... బండ మీద ఒక నీడ పడింది. పైన మనిషి లేడు. వస్తువూ లేదు. నీడ మాత్రం ఉంది! అది నింపాదిగా పాకి వచ్చి లింగప్ప చుట్టూ తిరిగింది. తేలును చూసింది, తులసికోటను చూసింది, ఒక్కో పేరునూ తడిమి ఎవరో తెలియక వెనక్కి తగ్గింది. లింగప్ప నవ్వుతూనే ఉన్నాడు. నీడ మళ్ళీ దగ్గరికి వచ్చి ఈసారి గుర్తులను వదిలేసి పసరును వాసన చూసింది. గుర్తులు ఎన్ని ఉన్నా, పాలు ఒక్క తల్లివే. ఇతడు అంజనమ్మ బిడ్డ. అంజనమ్మకు ఉన్నది ఒక్క బిడ్డే, ఆ బిడ్డ చనిపోయి మట్టిలో ఉంది.

నీడ ఆగింది. ఇక దానికి అనుమానం లేదు.

లింగప్ప నవ్వు మధ్యలో తెగిపోయింది. మారణమంత్రం కోసం నోరు తెరిస్తే పసిబిడ్డ ఏడుపు వచ్చింది! మళ్ళీ తెరిచాడు, మళ్ళీ అదే క్యారుమనే ఏడుపు. గోళ్ళు నీలమయ్యాయి, పెదవులు నీలమయ్యాయి, కాళ్ళు మడతపడి నేల మీద పడ్డాడు. నీలంగా మారిన చేతులను అంజనమ్మ వైపు చాచాడు, తల్లే కాపాడుతుందన్నట్టు. ఆమె ఎండలో నిలబడి అతన్ని చూసింది. ఆమెకు జాలి లేదు, పగ లేదు, అతనే ఆమె దగ్గర అవి లేకుండా చేశాడు. నీడ అతని మీదుగా మట్టి కప్పినట్టు కమ్ముకుని తొలగింది. బండ మీద పిడికెడు బూడిద మిగిలింది.

బూడిదలో నుంచి పచ్చబొట్లు లేచాయి. పచ్చటి ఈగల్లా ముసురుకుంటూ గుట్ట దిగి తమ తమ ఊళ్ళకు పోయాయి. కాసేపటికి కింద ఒక ఇంట్లో ఎవరో ఏడ్చారు. పక్క ఇంట్లో ఇంకెవరో అందుకున్నారు. ఎప్పుడో ఏడవాల్సిన ఏడుపులన్నీ ఆ మధ్యాహ్నం ఒక్కసారిగా లేచాయి.

అంజనమ్మ ముంజేతి మీద ఉయ్యాల వచ్చి కూర్చుంది. ఆమె దాన్ని చూసింది. ఇందాక లింగప్ప చెప్పిన మాట ఆమెకు ఇప్పుడు వినిపించింది. బూడిద మీద పడి రెండు చేతులతో కొట్టింది, కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు. "యశోదా" అని పిలిచింది. కాలిన అరికాళ్ళు, పాలు సలిపే రొమ్ములు, ఖాళీ అయిన ఒడి అన్నీ ఒకేసారి తెలిసివచ్చి కూలబడిపోయింది.

"నొస్తాంది బయక్కా" అంది.

బయమ్మ ఆమె తలను తన ఒళ్ళోకి తీసుకుంది. ఓదార్చలేదు. కళ్ళు తుడవలేదు.

"నొయ్యనీ" అంది.